గంటా ఐదు నిమిషాల్లో విశాఖపట్నం

బోర్డు

విజయవాడలో విమానం టికెట్లు అమ్మినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకన్నా ఎక్కువ అమ్మినవాళ్లూ ఉన్నారు, నాకన్నా నిజాయితీగా అమ్మినవాళ్లూ ఉన్నారు. కానీ ఆఫీసు ముందు "ఇచ్చట ప్రస్థానం పెట్టబడును – ఉచితం" అని బోర్డు రాయించి వేలాడదీసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ ఘనతలో నాకు పోటీ వచ్చినవాడు ఇంతవరకు లేడు. ఇకమీదట రాడు కూడా. ఆ బోర్డు ఏం చేసిందో తెలిశాక తెలివున్నవాడెవడూ అలాంటిది రాయించడు.

ప్రస్థానం అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. వెళ్లాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి ఘడియ చూసి, మనతో తీసుకెళ్లే సామానులో ఒకటి పట్టుకెళ్లి, పోయే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడతారు. అక్కడితో ప్రయాణం మొదలైపోయినట్టు లెక్క. మనిషి మాత్రం ఇంటికి తిరిగొచ్చి అన్నం తిని పడుకోవచ్చు. మర్నాడు ఏ వేళకు గడప దాటినా దోషం అంటదు. దారిలో ఆ సామాను తీసుకుని వెళ్లిపోవడమే.

మాది వన్‌టౌన్‌లో బట్టల కొట్టు. మీటరు గుడ్డ కొన్నవాడికి మా నాన్న బెత్తెడు కొసరు వేసేవాడు. ఆ బెత్తెడు ధర మీటరులోనే కలిసి ఉంటుందని నాకు పదేళ్ల వయసుకే తెలుసు. కొన్నవాడికీ తెలుసు. అయినా కొసరు వెయ్యని కొట్టుకి ఎవడూ రాడు. నేను టికెట్ల వ్యాపారంలోకి వచ్చాక నాకు పట్టుకున్న బెంగ అదే. విమానంలో కొసరు ఏం వేస్తాం? పక్కన ఇంకో అరసీటు ఇవ్వలేం కదా. ఆలోచించి ఆలోచించి ప్రస్థానం వేశాను.

జనం వచ్చారు. ఉయ్యూరు నుంచి, కంకిపాడు నుంచి, పామర్రు నుంచి. నా బల్ల కింద ఎప్పుడూ నాలుగైదు సంచులు పసుపు బొట్లు పెట్టుకుని కూర్చుని ఉండేవి. మా ఆఫీసులో టికెట్లు చేసే గ్రేస్ గారిది చల్లపల్లి దగ్గర ఊరు. ఇరవై ఏళ్లు నా దగ్గర పనిచేశారు. అంటే ఇరవై ఏళ్లు నన్ను భరించారని అర్థం. ఒకరోజు కాలు చాపుకోవడానికి చోటు లేక అడిగారు.

"సార్, మనది టికెట్ల ఆఫీసా, సామాన్ల గోడౌనా?"

"మీ ఇళ్లల్లో ప్రయాణానికి ముందు ఏం చేస్తారండీ?" అన్నాను, ఏదో గెలిచినట్టు.

"ప్రార్థన చేసుకుంటాం. తర్వాత టైముకి బయల్దేరతాం. రెండోది కూడా ముఖ్యమే సార్."

మూర్తిగారి తాడు

ఈ పనిలో నా మొదటి యజమాని మూర్తిగారు. గవర్నరుపేటలో మేడ మీద గది ఆయన ఆఫీసు. గోడకి పెద్ద దేశపటం, దాని పక్కన మేకుకి వేలాడుతూ ఒక తాడు. కొలతకి ముళ్లు వేసిన తాడు అది. ఎవరైనా "ఫలానా ఊరు ఎంత దూరమండీ" అంటే లేచి వెళ్లి, విజయవాడ మీద ఒక వేలు, ఆ ఊరి మీద ఒక వేలు పెట్టి, తాడు బిగించి చూపించేవారు. ముళ్లు లెక్కపెట్టి కిలోమీటర్లు చెప్పేవారు. తాడుకి వంతెనలు అక్కర్లేదు, రైల్వే గేట్లు అక్కర్లేదు, బెంజి సర్కిల్ దగ్గర ఆగక్కర్లేదు. హైదరాబాద్ ఎంత దగ్గరికి వచ్చేదంటే, వచ్చినవాళ్లు నోరు తెరిచేవారు.

నేను చేరిన వారంలోనే ఆయన నాకు వ్యాపారం మొత్తం మూడు మాటల్లో నేర్పారు. "దూరం అడిగితే తాడు చూపించు. టైము అడిగితే విమానం టైము చెప్పు. ఇంకేం అడిగినా కాఫీ తెప్పించు."

మూర్తిగారు మోసగాడు కాదు. ఆయన చెప్పిన ప్రతి అంకె నిజం. తాడు నిజం, టికెట్ మీద అచ్చువేసిన టైమూ నిజం. అడగనిది చెప్పకపోవడం ఒక్కటే ఆయన విద్య. కొట్టు ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు వేరే పాఠం అక్కర్లేకపోయింది. గుడ్డ తడిస్తే ఎంత కుదించుకుపోతుందో అడిగినవాడికే చెప్పేవాడు మా నాన్న.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకి చెప్పాల్సింది ఇది. టికెట్ మీద ఉండే టైము విమానం తలుపు వేసిన దగ్గర్నుంచి మళ్లీ తలుపు తీసేదాకా. మనిషి ప్రయాణం తన ఇంటి తలుపు వేసుకున్న దగ్గర్నుంచి అవతల ఎవరో తలుపు తీసేదాకా. చల్లపల్లి నుంచి ఒకాయన హైదరాబాద్‌లో కూతురింటికి పోవాలనుకోండి. చల్లపల్లి నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకి గంటన్నర. అక్కడ ముందుగా వెళ్లి కూర్చునేది గంటన్నర, మన భయాన్నిబట్టి రెండు గంటలు. గాల్లో గంట. దిగి పెట్టె కోసం నిలబడేది అరగంట. ఊళ్లోకి ఇంకో గంటన్నర. బస్సెక్కినా దాదాపు అంతే. కాకపోతే బస్సులో నిద్రపోవచ్చు. నేనీ లెక్క ముప్పై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. "గంట" అని మాత్రం చెప్పాను.

గంట ఎంతకిస్తారు

మినుముల వ్యాపారి ఒకాయన చల్లపల్లి నుంచి వచ్చేవాడు. నాకు సరైన జోడీ అంటే అతనే. బేరం లేకుండా మంచినీళ్లు కూడా తాగడు. ఒకసారి కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"ఢిల్లీకి రెండుంబావు గంటలు కూర్చోబెడతారు కదండీ?"

"అవునండీ."

"హైదరాబాద్‌కి ఒక్క గంట. మరి రేటు చూస్తే ఢిల్లీ దాంట్లో సగానికి పైనే ఉంది. గంట లెక్కన చూసుకుంటే నాకు అన్యాయం జరగట్లా?"

"గంట లెక్కన చూసుకుంటే ఎడ్లబండి అన్నిటికన్నా చౌకండీ. రోజంతా కూర్చోబెడతాడు."

"దానికి టికెట్ మీ దగ్గరుందా? ఉంటే చెప్పండి, ఆలోచిద్దాం."

చివరికి నేను వంద తగ్గించాను. అతను యాభై వదులుకున్నట్టు మొహం పెట్టాడు. ఇద్దరం గెలిచాం. పది రోజుల తర్వాత వచ్చి చేతిలో పెట్టిన కాగితం మాత్రం నేను మర్చిపోలేదు. ఇంట్లో చెప్పులు వేసుకున్న వేళ, కారెక్కిన వేళ, గన్నవరంలో లైన్లో నిలబడిన వేళ, ఎక్కిన వేళ, దిగిన వేళ, పెట్టె వచ్చిన వేళ, మనవడు తలుపు తీసిన వేళ, అన్నీ రాసుకొచ్చాడు.

"మీ గంట ఇదిగోనండీ. ఏడు గంటల పది నిమిషాలు తూగింది. తూకంలో ఇంత కలిపితే మా ఊళ్లో కాటా పీకేస్తారు."

నేను పగలబడి నవ్వాను. గ్రేస్ గారు నవ్వలేదు. ఆ కాగితం తీసుకుని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్లకి ఇంటినుంచి ఇంటిదాకా టైము చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ టికెట్లు తక్కువ అమ్మేవారు. ఆవిడ దగ్గరికి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఈ రెండో సంగతిని నేను చాలా ఆలస్యంగా గమనించాను.

పామర్రు నుంచి ఇద్దరు

ఇక అసలు సంగతి. సునీత గారిది పామర్రు. జువాలజీలో పెద్ద చదువు చదివి, ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెబుతూ, ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్ పోస్టుకి రాత పరీక్ష పాసయ్యారు. విశాఖపట్నంలో ఇంటర్వ్యూ. సోమవారం మధ్యాహ్నం మూడు గంటల్లోపు అసలు సర్టిఫికెట్లతో హాజరుకావాలి. మూడు దాటితే చూడరు, నకళ్లు తెస్తే చూడరు అని పిలుపు కాగితంలో రాసి ఉంది. తర్వాతి సారికి ఆవిడ వయసు దాటిపోతుంది. అంటే ఇదే చివరిసారి. ఈ సంగతంతా ఆవిడే నాకు చెప్పారు, గురువారం నాడు, నా ఎదురుగా కూర్చుని. పక్కన మామగారు కోటేశ్వరరావు గారు. రైస్ మిల్లు నడిపి మానేసినాయన. మంచి మనిషి, పంచాంగం జేబులో ఉంటుంది.

"ఆదివారం మధ్యాహ్నం రైలుకి రెండు సీట్లు చూడండి," అన్నారు సునీత గారు. "రాత్రికి అక్కడ మా పిన్నిగారింట్లో ఉంటాం. పొద్దున నింపాదిగా వెళ్లొచ్చు."

ఇంతకన్నా తెలివైన ప్రయాణం నా ఆఫీసులో ఎవరూ అడిగి ఉండరు. రైలు టికెట్లు చేసిస్తే నాకు మిగిలేది కాఫీ డబ్బులు.

"రైలా అమ్మా? ఏడు గంటలు కూర్చుని నడుం పట్టేసి, తెల్లారి ఇంటర్వ్యూకి పోతారా? సోమవారం పొద్దున తొమ్మిదీ పదికి గన్నవరం నుంచి నేరుగా విమానం ఉంది. గంటా ఐదు నిమిషాలు. వాళ్లిచ్చిన నీళ్లసీసా మూత తీసేలోపు విశాఖపట్నం. పదకొండున్నరకి మీరు ఇంటర్వ్యూ గుమ్మంలో ఉంటారు. మూడు గంటల దాకా ఏం చెయ్యాలో ఆలోచించుకోండి."

"సోమవారం తూర్పు శూల కదండీ," అన్నారు కోటేశ్వరరావు గారు. ఆ రోజు ఆ దిక్కుకి ప్రయాణం పనికిరాదని ఆయన భావం. "ఆదివారమైతే ఏ బాధా లేదు. రైలుకే పోదాం."

చూశారా, శూల కూడా ఆవిడ పక్షానే ఉంది. దాన్ని కూడా నేనే మాట్లాడి ఒప్పించాను. వేలు పెట్టి బోర్డు చూపించాను.

"ఆదివారం ప్రస్థానం పెట్టేద్దామండీ. ప్రయాణం ఆదివారమే మొదలైనట్టు."

"మీ ఆఫీసులోనా? మేం పోయేది తూర్పుకి. పామర్రుకి బెజవాడ పడమర. తూర్పుకి పోయేవాడు పడమట ప్రస్థానం పెడతాడా ఎక్కడన్నా?"

బేరంలో ఎదుటివాడు కొత్త వంక పెడితే నాకు హుషారు పుట్టేది. "హనుమాన్ జంక్షన్‌లో మా సుబ్బారావు బావ కొట్టుందండీ. లారీల మీద కప్పే టార్పాలిన్లు, తాళ్లు అమ్ముతాడు. సాక్షాత్తూ వైజాగ్ రోడ్డు మీదే ఉంది. మీరు గుడివాడ మీదుగా జంక్షన్‌కి వచ్చి, సంచీ తీసుకుని గన్నవరం వచ్చేస్తే సరిపోతుంది."

ఆయన ఆలోచించి తల ఊపారు. "వైజాగ్ రోడ్డు మీదంటే ఫరవాలేదు. అయితే ఒకటి. ఏ పని మీద పోతున్నామో ఆ వస్తువే పెట్టాలి. సర్టిఫికెట్ల సంచీ పెడదాం."

"సర్టిఫికెట్లా మావయ్యగారూ? అవి నా దగ్గరుంటేనే నాకు నిద్రపడుతుంది."

"ఒక్క రాత్రే కదమ్మా," అన్నాన్నేను. ఆ మాట ఆయన అనలేదు, నేనన్నాను. "పూచీ నాది."

వాళ్లు వెళ్లిపోయాక గ్రేస్ గారు టికెట్లు చేస్తూ, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"సార్, ఆ కొట్టు పొద్దున ఎన్నింటికి తీస్తారో కనుక్కున్నారా?"

"హైవే మీద కొట్టండీ అది. హైవే పడుకుంటుందా?"

షట్టరు

కొట్లో పుట్టి, కొట్లో పెరిగి, కొట్టు ఎన్నింటికి తీస్తారో అడగని వాడు నేను తప్ప ఇంకొకడు ఉండడు. సుబ్బారావు బావ కొట్టుకి నేను ఎన్నోసార్లు వెళ్లాను. ప్రతిసారీ మధ్యాహ్నమే. అతని ఇల్లు నూజివీడులో ఉందని నాకు తెలుసు. అక్కణ్ణుంచి రోజూ బస్సులో వస్తాడనీ తెలుసు. తెలిసినవన్నీ ఒక వరసలో పెట్టి చూసుకోలేదు, అంతే.

ఆదివారం పదింటికి మంచి ఘడియలో సంచీ పెట్టారు. బావ దానికి బొట్టు పెట్టి అద్దాల బీరువాలో ఉంచానని ఫోన్ చేసి చెప్పాడు. సోమవారం ఆరింటికి పామర్రులో కారు బయల్దేరింది. ఏడూ ఐదుకి సునీత గారి నుంచి నాకు ఫోన్.

"అండీ, ఇక్కడ షట్టరు వేసుంది."

"లోపల ఉంటాడమ్మా, కొట్టండి. నేను ఫోన్ చేస్తా."

చేశాను. మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఇంకోసారి చేసి, సునీత గారికి చేశాను. "ఎత్తట్లేదమ్మా, స్నానంలో ఉన్నాడేమో."

"స్నానంలో కాదండీ. ఫోన్ లోపల మోగుతోంది. నాకు వినపడుతోంది."

రాత్రి ఛార్జింగ్ పెట్టి మర్చిపోయి వెళ్లాడు. మూడుసార్లు చేసిన నా ఫోన్ మూడుసార్లూ సర్టిఫికెట్లకే వినపడింది.

పక్కన టీ కొట్టతను విషయం చెప్పాడట. "సుబ్బారావు గారా? తొమ్మిదింటికొస్తారండీ. తొందరైతే నిన్న రావాల్సింది." కోటేశ్వరరావు గారు, "నిన్నే వచ్చామయ్యా, అదే కదా గొడవ" అన్నారట.

నేను గన్నవరం పరిగెత్తాను. ఎనిమిదీ ఇరవై ఐదుకి కౌంటర్ మూసేస్తారు. అక్కడ ఉన్న అమ్మాయి నాకు బాగా తెలుసు. రెండు సీట్లు ఆపమని బతిమాలాను. "ఎందుకు ఆలస్యం సార్?" అంది. చెప్పాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "అంటే, మీ బావగారు కొట్టు తీసేదాకా విమానం ఆపమంటారా సార్?" అంది. అలాంటి ప్రశ్నకి తెప్పించాల్సిన కాఫీ కూడా అక్కడ చాలా ఖరీదు.

సుబ్బారావు బావ ఎనిమిదీ యాభైకి వచ్చాడు. పాపం, ఆ రోజు పది నిమిషాలు ముందే వచ్చాడు. ఎనిమిదీ యాభై ఐదుకి సంచీ సునీత గారి చేతిలో ఉంది. అప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నేను ఇక్కణ్ణుంచి కార్లోనే వెళ్లిపోతానండీ. వైజాగ్ రోడ్డు ఇదే కదా, ముందుకే ఉంది. విమానం కోసం వెనక్కి రావడమెందుకు?"

ఆవిడకి తాడు అక్కర్లేదు, పటం అక్కర్లేదు. విశాఖపట్నం ఎటుందో ఆ రోడ్డు మీద నిలబడి చూస్తున్నారు. గన్నవరం రావడమంటే వెళ్లాల్సిన దిక్కుకి వీపు పెట్టి వెనక్కి రావడం. అంత తేలిక సంగతి.

నేనేమన్నాను? "ఆగండమ్మా, తొందరపడకండి. ఈ విమానం వారం రోజులుగా ఒక్కనాడు టైముకి లేవలేదు. గన్నవరం ఎంత, పావుగంట. విమానం ఆలస్యమైతే నేను మాట్లాడి ఎక్కిస్తా. కారులో అంటే ఆరు గంటలు ఒళ్లు హూనం. నా మాట వినండి."

ఎందుకన్నానో కూడా చెప్పాలి. ఆవిడ కారులో వెళ్లిపోతే రెండు టికెట్లు పోయినట్టే, నా పూచీ పోయినట్టే, ఆ బోర్డు పరువు పోయినట్టే. ఓడిపోయిన బేరాన్ని వదులుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఫోన్‌లో ఆవిడ వెనక నుంచి మామగారి గొంతు వినిపించింది. "ఆయన రోజూ చేసే పనే కదమ్మా. ఆయనకి తెలీదా?"

వచ్చారు. తొమ్మిదీ పదిహేనుకి వచ్చారు. ఆ విమానం తొమ్మిదీ పదికి, రాసిన టైముకి, నిమిషం తేడా లేకుండా లేచింది. కారు ఆగేసరికి మా నెత్తిమీంచే తూర్పుగా తిరుగుతోంది.

"అదేనా అండీ మనది?" అన్నారు కోటేశ్వరరావు గారు, తలెత్తి.

"అదేనండీ."

సునీత గారు తల ఎత్తలేదు. కారు దిగలేదు. సంచీ ఒళ్లో పెట్టుకుని, డ్రైవరుతో "తిప్పండి" అన్నారు. ఎయిర్‌పోర్టు కార్ల వరసలోంచి బయటపడి, తొమ్మిదీ యాభైకి మళ్లీ అదే హనుమాన్ జంక్షన్, అదే షట్టరు ముందుగా వెళ్లారు. ఇప్పుడు షట్టరు తెరిచే ఉంది.

మూడూ ఇరవై ఐదుకి విశాఖపట్నంలో ఆ గుమ్మం దగ్గర దిగారు. లోపల ఇంటర్వ్యూలు జరుగుతూనే ఉన్నాయట. గుమ్మం దగ్గర కూర్చున్న ఆఫీసు ఉద్యోగి గోడ గడియారం చూసి, హాజరు పుస్తకం లోపలికి పంపేశామని చెప్పాడట. కసిరినా బాగుండేది, కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు అని తర్వాత కోటేశ్వరరావు గారు చెప్పారు.

ఇద్దరు చెప్పుకున్న రెండు కథలు

ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను.

"శూలతో పరాచికాలాడకూడదండీ. ప్రస్థానం పెట్టినా ఆగింది కాదు, చూశారా. తప్పంతా నాదే, నేను గట్టిగా పట్టుబట్టాల్సింది."

నేనేమన్నానంటే, "అవునండీ, ఏం చేస్తాం." అంతే అన్నాను. నా ముప్పై ఏళ్ల వృత్తిలో అంత చౌకగా నేనెప్పుడూ బయటపడలేదు.

ఆ తర్వాత ఆయన పామర్రులో శూల మహిమ అని చెప్పుకున్నారు. నేను విజయవాడలో దీన్ని నవ్వులాటగా చెప్పుకున్నాను. బీరువాలో సర్టిఫికెట్లకి బొట్టు, లోపల మోగే ఫోన్, నెత్తిమీద విమానం, ఇవన్నీ చెబితే ఎంతటివాడైనా నవ్వుతాడు. నా కథలో వెర్రివాడు ఆ మామగారు. ఆయన కథలో దోషం సోమవారానిది. రెండు కథల్లోనూ ఎనిమిదీ యాభై ఐదుకి వచ్చిన ఫోన్ లేదు. ఆ ఫోన్‌లో రెండు వైపుల మాటా విన్నవాళ్లం ఇద్దరమే. ఆవిడ చెప్పలేదు. నేను చెప్పలేదు.

బోర్డు మర్నాడే తీసేయించాను. రెండు టికెట్ల డబ్బు తిరిగి ఇచ్చాను. అది పెద్ద గొప్ప కాదు, అంతకన్నా తక్కువలో ఎవరూ తప్పించుకోలేరు. ఆ పోస్టు జాబితాలో తర్వాతి పేరుకి వెళ్లింది. సునీత గారు గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇప్పటికీ పాఠం చెబుతున్నారు. రెండేళ్ల తర్వాత ఒకసారి మా ఆఫీసుకి వచ్చారు. నా ముందు ఖాళీ కుర్చీ ఉన్నా గ్రేస్ గారి బల్ల దగ్గర నిలబడి, తన వంతు వచ్చాక కూర్చుని, తిరుపతికి రైలు టికెట్లు చేయించుకున్నారు. కాఫీ తెప్పించనా అమ్మా అన్నాను.

"వద్దండీ, బస్సు టైమైంది," అన్నారు, మామూలుగానే.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది తక్కువే. ఇప్పుడు దూరం, టైము ఫోనే చెబుతోంది. మూర్తిగారి తాడు ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. అయినా మీ ఎదురుగా కూర్చున్న మనిషి "ఎంతసేపు" అంటే, ఏ ఇంటినుంచి, ఏ గుమ్మానికి, ఎన్నింటిలోపు అని మీరు తిరిగి అడగండి. దారిలో నిలబడి రోడ్డును కళ్లతో చూస్తున్న మనిషి ఏదైనా చెబితే, ఆఫీసులో కూర్చుని పటం చూస్తున్న మనం నోరు మూసుకోవాలి. మనకి తెలిసింది విమానాల సంగతి. వాళ్లకి తెలిసింది వాళ్ల ప్రయాణం సంగతి.

చివరి లెక్క

ఇన్నాళ్లూ వాయిదా వేసిన పని ఇప్పుడు చేస్తున్నాను. నేను అమ్మింది గంటా ఐదు నిమిషాలు. ఆరింటికి ఇంటి గుమ్మం దాటిన మనిషి మూడూ ఇరవై ఐదుకి చేరింది. తొమ్మిది గంటల ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. గడువు మీద ఆలస్యం ఇరవై ఐదు నిమిషాలు. ఈ ఇరవై ఐదు నిమిషాలు ఎవరివి?

శూలవి కావు. శూల ఆదివారం రైలెక్కమంది. మామగారివి కావు. ఆయనా అదే అన్నారు, నేనే మాన్పించాను. సుబ్బారావు బావవి కావు. అతను రోజూ తీసే వేళకన్నా ముందే తీశాడు. విమానానివి కావు. అది టైముకి లేచింది. రోడ్డువి కావు. జంక్షన్ నుంచి విశాఖపట్నానికి ఐదు గంటల ముప్పై ఐదు నిమిషాలు పట్టింది, అది న్యాయమైన టైము.

ఎనిమిదీ యాభై ఐదుకి సంచీ చేతికొచ్చింది. అప్పుడే ముందుకి వెళ్లి ఉంటే రెండున్నరకి చేరేవారు. గడువుకి అరగంట ముందు. నా మాట విని గన్నవరం వెళ్లి, తిరిగి అదే చోటికి రావడానికి యాభై ఐదు నిమిషాలు.

ఆ యాభై ఐదు నిమిషాలు నావి. మొత్తం నావే.